తల్లి ఏది అని అడగండి



"డబ్బిచ్చి మరీ చాకిరీ చేసేవాళ్ళని ఎక్కడైనా చూశామా?" అన్నారు మా అత్తగారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. పనిచేసినందుకు జీతం పుచ్చుకోవడం లోకంలో వున్నదే. జీతం లేకుండా గుళ్ళోనో బళ్ళోనో సేవ చేయడమూ వున్నదే. కాని విమానం టిక్కెట్టు మనమే కొనుక్కుని, తిండికీ బసకీ మనమే కట్టుకుని, పరాయి దేశంలో పక్షుల రెట్ట కడగడానికి వెళ్ళడమంటే ఎవరికైనా వింతగానే వుంటుంది.

మా పెద్దమ్మాయి జంతుశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేసింది. పై చదువుకి పరీక్ష రాసేలోగా నాలుగైదు నెలలు వ్యవధి వుంది. ఆ వ్యవధిలో ఆరు వారాలు దక్షిణాఫ్రికా వెళ్ళి, దెబ్బతిన్న అడవి జంతువులను బాగుచేసే చోట వాలంటీరుగా పనిచేస్తానంది. మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు. అత్తగారు జపమాల ఆపారు. నేను మాత్రం వంటింట్లోంచి, "ఎంతవుతుందే?" అని అడిగాను. ఎందుకంటే ఆ ఇంట్లో అప్పటికప్పుడు తీయగలిగిన డబ్బు నా దగ్గరే వుంది. రేడియోలో మాట్లాడినందుకు వచ్చిన పారితోషికం పదకొండేళ్ళుగా బ్యాంకులో రికరింగ్ డిపాజిట్టు కడుతూ వచ్చాను. అది అమ్మాయి పెళ్ళికి గాజులు చేయించడానికని దాచుకున్నది.

మెట్రిక్ చదివిన నాకు ఈ సంగతులన్నీ అర్థమయ్యేసరికి రెండు నెలలు పట్టింది. మీ ఇంట్లో కూడా రేపో మాపో ఓ పిల్లో పిల్లాడో ఇలాగే అడగవచ్చు. అందుకని నేను తెలుసుకున్నదంతా మీతో చెబుతాను.

ముందు ఈ పని ఏమిటో చూద్దాం. కారు కింద పడి కాలు విరిగిన జింక, వలలో చిక్కిన తాబేలు, తల్లిని వేటగాళ్ళు చంపేస్తే అనాథ అయిన ఏనుగు పిల్ల, ఇలాంటివాటిని తెచ్చి, వైద్యం చేసి, తిండి పెట్టి, తిరిగి వాటి చోట వదిలిపెట్టాలి. దీన్నే పునరావాసం అంటారు. ఇక్కడ ముఖ్యమైన మాట 'వదిలిపెట్టడం'. జంతు ప్రదర్శనశాలకూ దీనికీ తేడా అదే. ఆసుపత్రికి వెళ్ళిన మనిషి బాగుపడి ఇంటికి రావాలి గాని అక్కడే వుండిపోతే అది ఆసుపత్రి అనిపించుకోదు కదా! ఇలాంటి కేంద్రాలకు జీతాలిచ్చి పెట్టుకున్న సిబ్బంది చాలదు. అందుకే దేశదేశాల నుంచి మనుషులను సేవకు పిలుస్తారు. వాళ్ళిచ్చే రుసుములో కొంత వాళ్ళ తిండికీ బసకీ పోగా, మిగిలింది జంతువుల మందులకు, మేతకు పనికివస్తుంది. మా అత్తగారి ప్రశ్నకు సగం జవాబు ఇది.

ఇక అసలు కథకు వస్తాను. మొదట మాకు దొరికింది వేరే చోటు. ఒక ఏజెంటు ఫోనుకు ఫొటోలు పంపాడు. ఎంత ముచ్చటైన ఫొటోలనుకున్నారు! బంగారు రంగు జుట్టు పిల్లలు సింహం కూనలను ఒళ్ళో పెట్టుకుని సీసాలతో పాలు పడుతున్నారు. 'అనాథ సింహం పిల్లలకు అమ్మ అవండి' అని కింద రాసి వుంది. మా అమ్మాయి ముఖం మతాబులా వెలిగిపోయింది. నేనూ మురిసిపోయాను. అడ్వాన్సు కట్టడానికి బ్యాంకు పుస్తకం సంచీలో పెట్టుకుని చెప్పులు కూడా వేసుకున్నాను.

గుమ్మం దగ్గర ఎందుకో ఆ ఫొటో మళ్ళీ చూశాను. ఆరు కూనలున్నాయి. ఆరూ ఇంచుమించు ఒకే వయసువి. మా పుట్టింట్లో పాడి వుండేది. గేదె ఈనితే, దూడను కాస్త దూరంగా కట్టేసినందుకే అది రాత్రంతా అరిచేది. అలాంటిది, ఇన్ని సింహాలు తమ పిల్లలను ఒకేసారి ఎలా వదిలేశాయి? ఏజెంటుకు ఫోను చేసి, "వీటి తల్లులేవి నాయనా?" అని అడిగాను. "వదిలేశాయండీ" అన్నాడు. "అన్నీనా?" అన్నాను. "అమ్మా, మీరు అడ్వాన్సు కడితే వివరాలన్నీ వాళ్ళే పంపుతారు" అన్నాడు. నేను చెప్పులు విప్పేశాను.

ఆ సాయంత్రం అమ్మాయి కూర్చుని వెతికి వెతికి చదివింది. చదువుతూ చదువుతూ ఏడ్చింది. దక్షిణాఫ్రికాలో బోనుల్లో పెంచే సింహాలు వేలల్లో వున్నాయి. ఆ దేశపు అడవుల్లో తిరిగేవాటికంటే అవే ఎక్కువ. పుట్టిన కొద్ది రోజులకే కూనలను తల్లి దగ్గరనుంచి తీసేస్తారు. తీసేస్తే తల్లి మళ్ళీ త్వరగా చూలుకు వస్తుంది. కూనలు అనాథలని చెప్పి, డబ్బిచ్చి వచ్చిన వాలంటీర్ల చేత పాలు పట్టిస్తారు. కాస్త పెరిగాక యాత్రికులతో కలిసి నడిపిస్తారు. బాగా పెరిగి, ముట్టుకోవడం ప్రమాదమయ్యాక, కంచె వేసిన ఆవరణలో వదిలి, సొమ్ము ఇచ్చిన వేటగాడి చేత కాల్పిస్తారు. ఆ సింహానికి మనిషంటే భయం వుండదు. చిన్నప్పుడు సీసాతో పాలు పట్టింది మనిషే కదా! ఎముకలు కూడా విదేశాలకు అమ్ముడుపోయేవి. ఈ సంగతి 2015లో వచ్చిన 'బ్లడ్ లయన్స్' అనే డాక్యుమెంటరీ చిత్రం లోకానికి చూపించింది. 2021లో ఆ దేశ ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం ఈ వ్యాపారం ఆపాలని సిఫారసు చేస్తే ప్రభుత్వం ఒప్పుకుంది. అయితే ఏళ్ళుగా పాతుకున్న వ్యాపారం ఒక్క సంతకంతో మూతపడదు.

కూనలను పెంచే ప్రతి చోటూ ఇలాంటిదే అని నేననడం లేదు. కాని, మనుషుల చేతుల్లో పెరిగిన సింహం పిల్లను తిరిగి అడవిలో వదలడం ఇంచుమించు కుదరని పని. అలాంటప్పుడు పాలు పట్టినవాళ్ళు చేసిన సేవ ఎవరికి?

మరి నిజంగా అనాథ అయిన పిల్లను ఎలా పెంచాలి? దీనికి ఒక ఇల్లాలి కథ చెబుతాను. కెన్యా దేశంలో డాఫ్నీ షెల్‌డ్రిక్ అనే ఆవిడ వుండేది. భర్త సావో అనే అభయారణ్యానికి అధికారి. అనాథ ఏనుగు పిల్లలు వస్తే ఆవిడే పెంచేది. పాలు తాగే వయసు పిల్లలు మాత్రం బతికేవి కావు. ఆవు పాలలోని కొవ్వు వాటికి పడదు. ఏళ్ళ తరబడి రకరకాలుగా కలిపి చూసి, చివరికి కొబ్బరినూనె వున్న పసిపిల్లల పాలపొడి ఏనుగు పిల్లకు ఒంటబడుతుందని కనిపెట్టింది. ఆ పాలతో ఆయిషా అనే బుజ్జి ఏనుగును పెంచింది. ఆయిషా ఆవిడ కొంగు పట్టుకునే తిరిగేది. అంతలో ఆవిడ కూతురి పెళ్ళి వచ్చింది. పెళ్ళికని కొద్ది రోజులు వెళ్ళేసరికి, ఆయిషా బెంగతో తిండి మానేసింది. బతకలేదు.

ఆ దుఃఖం నుంచి ఆవిడ ఒక పాఠం నేర్చుకుంది. అప్పటినుంచి అనాథ పిల్ల ఏ ఒక్కరికీ అలవాటు పడకుండా కావలివాళ్ళను మారుస్తూ వచ్చారు. భర్త పోయాక 1977లో ఆయన పేర ఆవిడ నెలకొల్పిన సంస్థ నైరోబీలో ఇప్పటికీ ఏనుగు పిల్లలను పెంచి అడవిలో కలుపుతోంది. ఆవిడ 2018లో కన్నుమూసింది. చూశారా, మంచి కేంద్రంలో ప్రేమకు కూడా కొలత వుంటుంది. వచ్చిన ప్రతివాళ్ళూ ఎత్తుకుని ముద్దాడే చోట జంతువుకు మేలు జరగదు. బోర్నియో దీవిలో 1964 నుంచి నడుస్తున్న సెపిలాక్ అనే చోట ఒరాంగుటాన్ కోతులను ఇలాగే అడవికి మళ్ళిస్తారు. అక్కడ చూడవచ్చినవాళ్ళను దగ్గరకు రానివ్వరు. మన జలుబూ దగ్గూ వాటికి అంటుకుంటాయి మరి!

ఇదంతా తెలిశాక మా అమ్మాయి ఎన్నుకున్నది పెంగ్విన్ పక్షులను. పెంగ్విన్లంటే మంచు దేశంలో కదా వుంటాయి అనుకున్నాను నేను. ఆఫ్రికా పెంగ్విన్ అని ఒక జాతి వుంది. మోకాలు దాటిన ఎత్తు, సుమారు మూడు కిలోల బరువు, గాడిదలా ఓండ్రపెట్టే గొంతు. కేప్‌టౌన్ చుట్టుపక్కల దీవుల్లో, నమీబియా తీరంలో వుంటుంది. ఆ పక్షుల కోసమే 1968లో ఆల్తియా వెస్ట్‌ఫాల్ అనే ఆవిడ ఒక సంస్థను మొదలుపెట్టింది. దాని పేరు శాన్‌కాబ్.

2000 సంవత్సరం జూన్ 23న 'ట్రెజర్' అనే ఇనుప ఖనిజం ఓడ కేప్‌టౌన్ దగ్గర మునిగిపోయింది. నెల్సన్ మండేలా పద్ధెనిమిదేళ్ళు ఖైదులో వున్న రాబెన్ దీవికీ, డాసెన్ అనే మరో దీవికీ మధ్య సముద్రమంతా నల్లని నూనె పరుచుకుంది. ఆ రెండూ పెంగ్విన్లు గుడ్లు పెట్టే చోట్లే. సుమారు 19,000 పక్షులు నూనెలో తడిశాయి.

నూనె తగిలితే ఏమవుతుంది అంటారా? పక్షి ఈకలు పెంకుటింటి కప్పులాంటివి. ఒకదాని మీద ఒకటి కొక్కేలు వేసినట్టు అతుక్కుని వుండి, చుక్క నీరు లోపలికి రానివ్వవు. నూనె తగిలితే ఆ కొక్కేలు విడిపోతాయి. చల్లటి సముద్రపు నీరు ఒంటికి తగిలి పక్షి వణికి చస్తుంది. శుభ్రం చేసుకుందామని ముక్కుతో గీరుకుంటే నూనె కడుపులోకి పోయి విషమవుతుంది.

అయితే పక్షి రాగానే కడిగేస్తే ఇంకా ప్రమాదం. నీరసంగా వున్నదాన్ని నీళ్ళలో ముంచితే తట్టుకోలేదు. బాలింతకు పథ్యం పెట్టినట్టు ముందు గొట్టంతో ద్రవాలు పట్టి, వెచ్చగా వుంచి, తేరుకున్నాకనే స్నానం. జిడ్డు విరిచే మందు రాసి, సబ్బు నీళ్ళతో ఒళ్ళంతా రుద్ది, కళ్ళ చుట్టూ టూత్‌బ్రష్షుతో మెల్లగా తోమి, ఆ తరువాత సబ్బు ఆనవాలు లేకుండా జాడించాలి. సబ్బు మిగిలినా ఈకలు నీటిని ఆపవు. పట్టుచీర ఉతకడం తెలిసిన మనకు ఈ ఓపిక ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పనికి వేలమంది వచ్చారు. గుమాస్తాలు, విద్యార్థులు, గృహిణులు, విదేశాల నుంచి వచ్చిన నిపుణులు, అందరూ ఒక పాత గోడౌనులో నిలబడి కడిగారు. నూనె తగలని మరో 19,500 పక్షులను ఏం చేయాలి? అక్కడే వుంచితే అవీ తడుస్తాయి. లారీల్లో ఎక్కించి దూరాన, అప్పట్లో పోర్ట్ ఎలిజబెత్ అని పిలిచే ఊరి దగ్గర సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ ఇల్లు చేరేలోగా ఇక్కడ నీళ్ళు తేటపరిచారు! 1994లో ఇలాంటి ప్రమాదమే జరిగినప్పుడు తడిసిన పది వేల పక్షుల్లో సగం చచ్చిపోయాయి. 2000లో పదింటికి తొమ్మిది బతికి సముద్రానికి వెళ్ళాయి. పని చేతకానివాళ్ళ జాలి కంటే, నేర్చుకుని చేసిన పని ఎంత గొప్పదో చూడండి.

నూనె రోజూ ఒలకదు. మరి ఇప్పుడు ఆ కేంద్రంలో పనేమిటి? అక్కడ ముఖ్యమైన పని పిల్లలను పెంచడం. పెంగ్విన్లకు ఏడాదికొకసారి పాత ఈకలన్నీ రాలి కొత్తవి వస్తాయి. ఆ మూడు వారాలూ అవి నీళ్ళలోకి దిగలేవు, ఉపవాసమే. ఏడాది చివర్లో తల్లికీ తండ్రికీ ఈకలు రాలే వేళ వచ్చేసరికి గూట్లో పిల్ల ఇంకా ఎదిగి వుండకపోతే, దానికి తిండి తెచ్చేవాళ్ళుండరు. ఆకలికి మాడిపోతుంది. అలాంటి పిల్లలను తెచ్చి పెంచి వదిలే పని 2006 నుంచి చేస్తున్నారు. ఇక్కడ తల్లి ఏది అని అడిగితే నిజమైన జవాబు వుంది! నేను డిపాజిట్టు తీసి ఇచ్చింది ఆ జవాబుకే.

మా ఇంట్లో గుడ్డు కూడా వండం. అలాంటి ఇంటి పిల్ల పొద్దున్నే నూనెగుడ్డ లాంటి కోటు, గమ్‌బూట్లు తొడుక్కుని, చేపలను మందులతో కలిపి మిక్సీలో రుబ్బి పక్షి పిల్లలకు గొట్టంతో పట్టింది. పెద్దవాటిని కాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుని, సార్డీను చేపలు ఒక్కొక్కటీ నోట్లో పెట్టింది. తిండి పెట్టడం గంటయితే, గిన్నెలు, చాపలు, తువ్వాళ్ళు, రెట్ట కడగడం నాలుగు గంటలు. మొదటి వారం ఫోనులో, "అమ్మా, నువ్వు రోజూ చేసే పని ఇదే కదా!" అంది. నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. పక్షులతో ముద్దుగా మాట్లాడకూడదట, పేర్లు పెట్టి పిలుచుకుంటూ ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదట. ముక్కు కత్తిలా వుంటుంది. చేతి తొడుగులు దాటి కరిచిన గాట్లు ఇప్పటికీ దాని మణికట్టు మీద వున్నాయి.

ఇంత చేసినా ఆ జాతి గట్టెక్కిందనుకోకండి. నూరేళ్ళ కిందట లక్షల జంటలుండేవి. అప్పట్లో వాటి గుడ్లు లక్షలకొద్దీ ఏరి అమ్మారు. అవి గూళ్ళు తవ్వుకునే రెట్ట దిబ్బలను ఎరువు కోసం గీకి పట్టుకుపోయారు. ఇప్పుడు వాటి ముఖ్యమైన తిండి, సార్డీన్లూ నెత్తళ్ళ జాతి చేపలూ, పెద్ద పెద్ద వలలకు పోతోంది. ఇవాళ మిగిలినవి పదివేల జంటలకంటే తక్కువ. 2024లో ఈ జాతిని అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా వున్నవాటి పట్టికలో చేర్చారు. 2025 మార్చిలో అక్కడి హైకోర్టు ఉత్తరువుతో ఆరు పెంగ్విన్ స్థావరాల చుట్టూ ఆ చేపల వేటను పదేళ్ళపాటు నిషేధించారు. కడిగి బాగుచేయడం ఒక ఎత్తయితే, తిరిగి వెళ్ళాక తిండి దొరికేట్టు చూడడం మరో ఎత్తు. పిల్లను పుట్టింట్లో ఎంత బాగా పెంచినా, వెళ్ళిన చోట కూడు లేకపోతే ఏం లాభం?

సరే, మీ పిల్లలు ఇలాంటి పనికి వెళ్తామంటే మీరు అడగవలసినవి చెబుతాను. కాగితం మీద రాసి పెట్టుకోండి.

మొదటిది, జంతువులు ఎక్కడినుంచి వచ్చాయి, తల్లి ఏది? రెండోది, ముట్టుకుని ఫొటోలు దిగనిస్తారా? 'ఎంతసేపైనా' అని ఉత్సాహంగా చెబితే అనుమానించండి. మూడోది, పోయిన ఏడు ఎన్ని వచ్చాయి, ఎన్ని బతికాయి, ఎన్నిటిని వదిలారు? మంచి కేంద్రం చచ్చిపోయినవాటి లెక్క కూడా దాచదు. నాలుగోది, జంతువైద్యుడు వున్నాడా? అయిదోది, కట్టే సొమ్ము దేనికెంత పోతుంది? ఆరోది, ఏ పనీ రాని పిల్లకు ముందు శిక్షణ ఇస్తారా, లేక మొదటి రోజే జంతువును చేతికిస్తారా?

ఇక ఇంటి జాగ్రత్తలు. సేవ చేయడానికి ఏ రకం వీసా కావాలో ఆ దేశపు రాయబార కార్యాలయంలోనే అడగండి, ఏజెంటు మాట మీద వుండిపోకండి. ధనుర్వాతం టీకా వేయించండి. కరిచే జంతువులతో పనయితే రేబీస్ టీకా సంగతి డాక్టరునడగండి. కొన్ని ఆఫ్రికా దేశాల మీదుగా వెళితే ఎల్లో ఫీవర్ టీకా పత్రం చూపించమంటారు. ప్రయాణపు ఇన్సూరెన్సు చేయించేటప్పుడు జంతువులతో చేసే పనికి అది వర్తిస్తుందో లేదో చదివి మరీ సంతకం పెట్టండి. ఆడపిల్ల అయితే బస ఎవరితో, పని చోటికి ఎలా వెళ్ళాలి, రాత్రివేళ ఎవరిని పిలవాలి అన్నవి ముందే రాయించుకోండి. సిగ్గుపడకండి. సరైనవాళ్ళు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. మాకు వాళ్ళు ప్రతిదానికీ ఓపికగా జవాబు రాశారు.

అందరూ కేప్‌టౌన్ వెళ్ళనక్కర్లేదు. మన విశాఖపట్నం తీరంలోనూ, కోస్తా పొడవునా చలికాలం నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కుక్కలూ నక్కలూ తవ్వకుండా అటవీ శాఖవారూ, స్వచ్ఛంద సేవకులూ గుడ్లను ఏరి కంచె వేసిన చోట పాతిపెడతారు. సుమారు యాభై రోజులకు పిల్లలు బయటికొచ్చి, వెలుతురు కనిపించిన వైపు నడుస్తాయి. సముద్రం మీది వెలుగనుకుని మన వీధి దీపాల వైపు వచ్చేవీ వుంటాయి. తీరాన ఇళ్ళున్నవాళ్ళు ఆ రోజుల్లో దీపం ఆర్పితే అదే సేవ.

ఇంకొక్క మాట. మా వీధిలో మూడిళ్ళలో పంజరాల్లో రామచిలుకలుండేవి. అందులో ఒకటి మాది. అది చట్టవిరుద్ధం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను పంజరంలో పెంచకూడదు. ఈ సంగతి అమ్మాయి ఎన్నోసార్లు చెప్పినా, "పసిపిల్లలా చూసుకుంటున్నాం కదా" అనేదాన్ని. సింహం కూనలకు పాలు పట్టేవాళ్ళు కూడా అదే అంటారని అప్పుడు తట్టలేదు. రెక్కలు మరిచిపోయిన పక్షిని ఊరికే తలుపు తీసి వదిలినా కాకులు బతకనివ్వవు. అందుకని అటవీ శాఖవారికి అప్పగించాం. పంజరం కడిగి అటకెక్కించాను. జామచెట్టు కింద గింజలు మాత్రం చల్లుతున్నాను. తినేవి తినిపోతాయి.

మా అమ్మాయి తిరిగి వచ్చే ముందు రోజు, తను పెంచినవాటిలో కొన్నిటిని అట్టపెట్టెల్లో పెట్టి ఒడ్డుకు తీసుకెళ్ళారట. మూతలు తీశారు. అవి బయటికొచ్చి, ఒక్క క్షణం గాలి వాసన చూసి, తప్పటడుగులు వేసుకుంటూ నీళ్ళ వైపు వెళ్ళిపోయాయట. "ఒక్కటైనా నీ వంక తిరిగి చూసిందటే?" అని అత్తగారు ఆశగా అడిగారు. "లేదు బామ్మా. తిరిగి చూస్తే మేము పని సరిగ్గా చేయనట్టు" అంది.

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత జపమాల తీసుకుంటూ, "గాజులు మళ్ళీ చేయించవచ్చులే" అన్నారు నాతో.